చవక రైఫిల్ తూటాలు: అమెరికాలో టోకు కొనుగోలు

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో రైఫిల్ తూటా అంగట్లో దొరికే సరుకు. క్రీడా సామగ్రి దుకాణాల్లో, ఆయుధ ప్రదర్శనల్లో, ఇంటికి పార్సిల్ పంపే వ్యాపారుల దగ్గర అమ్ముతారు. ఇరవై తూటాల అట్టపెట్టె చిల్లర కొలత, వెయ్యి తూటాల పెద్దపెట్టె టోకు కొలత. గురి సాధనకు వెళ్ళినవారు ఒక పూటలో వంద, రెండు వందల తూటాలు కాల్చడం మామూలే కాబట్టి, కొన్నేళ్ళు తిరిగేసరికి రైఫిల్ ఖరీదును దాని మేత ఖరీదు మించిపోతుంది. అందుకే అక్కడి కొనుగోలుదారులు పెట్టె ధరతో మాట్లాడుకోరు, తూటాకు ఎన్ని సెంట్లు పడింది అన్న లెక్కతో మాట్లాడుకుంటారు. ఎక్కువ కొంటే తక్కువకు వస్తుందన్న మామూలు టోకు సూత్రం ఈ లెక్కలో చిన్న భాగం మాత్రమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి చరిత్రను చూస్తే, రైఫిల్ తూటా బాగా చవకైన దాదాపు ప్రతిసారీ దాని వెనక ఏదో ఒక ప్రభుత్వం సైన్యం కోసం చేయించిన సరుకో, కట్టించిన ఫ్యాక్టరీయో ఉంది. ఖరీదెక్కిన చాలాసార్లూ దాని వెనక ప్రభుత్వ నిర్ణయమో, నిర్ణయం రాబోతోందన్న భయమో ఉంది. తక్కువ డబ్బుతో కొనాలనుకునేవారికి బేరమాడే నేర్పు కంటే ఈ చరిత్ర తెలిసి ఉండటమే ఎక్కువ పనికొస్తుంది.

ధర ఎక్కడ పుడుతుందో తెలియాలంటే తూటాలో ఏముందో చూడాలి. ఇత్తడి గొట్టం, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర రాగి తొడుగున్న సీసపు బుల్లెట్. ఈ నాలుగింటిలో సాధారణంగా గొట్టానిదే పెద్ద లోహభారం. అది సుమారు 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం కలిసిన ఇత్తడి, కనుక రాగి ధర పెరిగితే తూటా ధరా పెరుగుతుంది. సోవియట్ ఇంజనీర్లు ఈ ఖర్చును తప్పించడానికి ఇత్తడి బదులు ఉక్కు గొట్టం వాడి, తుప్పు పట్టకుండా దానికి లక్క పూతో, తర్వాతి రోజుల్లో ప్లాస్టిక్ పూతో వేశారు. బుల్లెట్ తొడుగును కూడా ఉక్కుతో చేసి పైన పలుచగా రాగి పూశారు. యుద్ధంలో కోట్ల సంఖ్యలో చేయాల్సిన వస్తువులో ఖరీదైన లోహాన్ని ఎలా తగ్గించాలన్నది వాళ్ళ ముందున్న సమస్య. అర్ధ శతాబ్దం తర్వాత ఒహాయోలోనో టెక్సస్‌లోనో వారాంతపు గురి సాధకుడికి అదే పొదుపు అందుతుందని వాళ్ళు ఊహించి ఉండరు.

మొదటి చవక యుగం మిగులు సరుకుది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక యూరప్ సైన్యాలు వదిలించుకున్న రైఫిళ్ళూ తూటాలూ 1950లలో ఓడల మీద అమెరికా చేరాయి. పత్రికలో ప్రకటన చూసి తపాలా ద్వారా తెప్పించుకోవడం అప్పట్లో చట్టబద్ధం. 1963లో లీ హార్వే ఆస్వాల్డ్ అధ్యక్షుడు కెనడీ హత్యకు వాడిన ఇటలీ మిగులు రైఫిల్‌ను అలాగే, షికాగోలోని ఒక అంగడి నుంచి, టెలిస్కోపుతో సహా 19.95 డాలర్లకు, పంపే ఖర్చు విడిగా కట్టి తెప్పించుకున్నాడు. ఆ హత్య, 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీల హత్యలు కలిసి 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టానికి దారితీశాయి. రాష్ట్రాల సరిహద్దు దాటించి మామూలు కొనుగోలుదారుకు తూటాలు పంపడాన్ని ఆ చట్టం ఆపేసింది. 1986లో వచ్చిన తుపాకీ యజమానుల రక్షణ చట్టం ఆ అడ్డు తీసేసింది. ఈనాటి పార్సిల్ టోకు వ్యాపారమంతా ఆ 1986 సవరణ మీద నిలబడినదే.

ఆ తలుపు తెరుచుకున్న కొద్ది ఏళ్ళకే సోవియట్ కూటమి కూలింది. యుద్ధం వస్తుందని బల్గేరియా, హంగరీ, రుమేనియా, యుగోస్లావియా, రష్యా దాచిపెట్టుకున్న తూటాలు ఒక్కసారిగా అక్కర్లేనివి అయిపోయాయి. గాలి చొరబడకుండా మూసిన రేకు డబ్బాల్లో, ఒక్కో డబ్బాకు 440 చొప్పున, 7.62×54ఆర్ తూటాలు చెక్కపెట్టెల్లో దిగాయి. 2000 దశకంలో ఆ డబ్బా వంద డాలర్ల లోపే దొరికేది, అంటే తూటా ఇరవై సెంట్లు కూడా పడేది కాదు. అదే కాలంలో కొత్తగా చేసిన వేట తూటా ఒక్కొక్కటి డాలరుకు అటూ ఇటూగా ఉండేది. అయితే ఈ చవక వెనక ఒక చాకిరీ ఉంది. పాత సైనిక తూటాల్లో చాలావాటి ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది కాలాక బ్యారెల్‌లో మిగిలే పొటాషియం క్లోరైడ్ ఒక రకం ఉప్పు, గాలిలోని తేమను పట్టుకుంటుంది. మామూలు తుపాకీ నూనె ఆ ఉప్పును కరిగించదు, నీళ్ళే కరిగిస్తాయి. కాల్చిన రోజే నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాత నూనె రాయాలి. ఆ పని వాయిదా వేస్తే బ్యారెల్ లోపల తుప్పు గుంటలు పడతాయి, ఆదా చేసిన డబ్బు బ్యారెల్ మార్పిడికి పోతుంది. తేమ ఎక్కువున్న చోట, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల వేసవిలో, దీనికి గంటలు చాలు.

ఆ నిల్వలు కొంత వాడకంతో తరిగాయి, కొంత ప్రభుత్వం మూసిన తలుపుల వల్ల ఆగిపోయాయి. 1994లో క్లింటన్ ప్రభుత్వం చైనా తుపాకులు, తూటాల దిగుమతిని నిషేధించింది. దాంతో 7.62×39 తూటాకు అతి పెద్ద చవక వనరు ఒకటి పోయింది. 2014 ఏప్రిల్‌లో సోవియట్ 7ఎన్6 రకం 5.45×39 తూటాను కవచం చీల్చే తూటాల జాబితాలో చేర్చారు. చేతి తుపాకీలో వాడదగిన, ఉక్కు గుండె ఉన్న తూటాలను అడ్డుకునే పాత నిబంధనే అక్కడ పని చేసింది. ఆ తూటాతో పేలే ఒక పిస్తోలుకు అంతకుముందే దిగుమతి అనుమతి దొరికి ఉండటమే అందుకు ఆధారం. ఆ తూటా చవకగా దొరుకుతుందన్న ఒక్క కారణంతో ఆ రకం రైఫిల్ కొన్న వేలమందికి అది దెబ్బ. ఇక 2021 ఆగస్టు 20న, రష్యా ప్రతిపక్ష నాయకుడు అలెక్సీ నవాల్నీపై విషప్రయోగానికి శిక్షగా, రసాయన ఆయుధాల నియంత్రణ చట్టం కింద రష్యా తుపాకులు, తూటాల కొత్త దిగుమతి అనుమతులను ఆపుతున్నట్టు అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించింది. సెప్టెంబర్ 7 నుంచి అది అమల్లోకి వచ్చింది. తూలా, బర్నౌల్, ఉల్యానోవ్‌స్క్ ఫ్యాక్టరీల ఉక్కు గొట్టపు తూటాలు అంతవరకు బడ్జెట్ కొనుగోలుదారుల నిత్యావసరం. పాత అనుమతులు గడువు తీరేదాకా చెల్లాయి కాబట్టి ఓడలు వెంటనే ఆగలేదు, ధర మాత్రం ప్రకటన వెలువడిన వారంలోనే ఎగిసింది. సైబీరియాలో ఒక ప్రతిపక్ష నాయకుడికి జరిగిన అన్యాయానికీ, టెనెస్సీలో తూటా ధరకూ సంబంధం ఉంటుందా అంటే, ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఈనాడు అమెరికాలో విరివిగా అమ్ముడయ్యే 5.56×45 తూటా స్వదేశంలోనే తయారవుతుంది కదా, దానికి ఈ దిగుమతి కథ ఎందుకు అని. నిజమే, కానీ ఆ తూటా చవకదనం కూడా ప్రభుత్వ నీడలో పెరిగినదే. మిస్సోరీ రాష్ట్రంలో, అధ్యక్షుడు ట్రూమన్ పెరిగిన ఇండిపెండెన్స్ పట్టణం దగ్గర, 1941లో కట్టిన లేక్ సిటీ సైనిక మందుగుండు కర్మాగారం ప్రభుత్వ ఆస్తి. దాన్ని నడిపేది మాత్రం కాంట్రాక్టు పొందిన ప్రైవేటు కంపెనీ. 2020 అక్టోబర్ నుంచి ఆ కంపెనీ వించెస్టర్ బ్రాండ్ యజమాని ఓలిన్. ఏడాదికి వంద కోట్లకు పైగా తూటాలు చేయగల ఈ కర్మాగారంలో సైన్యానికి కావలసినవి పోగా, మిగిలిన సామర్థ్యంతో చేసిన సరుకును బయట అమ్ముకునే వీలు కాంట్రాక్టులోనే ఉంది. యంత్రాలు ఆగకుండా, పనివాళ్ళు చెదిరిపోకుండా ఉంటే యుద్ధం వచ్చినప్పుడు వెంటనే ఉత్పత్తి పెంచవచ్చన్నది సైన్యం వాదన. దుకాణంలో ఎం193, ఎం855 పేర్లతో అమ్మే తూటాల్లో పెద్ద భాగం ఈ పక్కదారిన వచ్చినదే. సైన్యం డబ్బుతో నిలబెట్టిన యంత్రాల మీద చేసినది కాబట్టే అది ఆ ధరకు వస్తోంది. సైన్యం తన అవసరం పెంచుకున్న రోజున ఆ మిగులు సన్నబడుతుంది. 2015 ఫిబ్రవరిలో ఎం855 తూటాకు కవచం చీల్చే తూటాల నిబంధన నుంచి ఉన్న మినహాయింపును తీసేస్తామని సంబంధిత శాఖ ప్రతిపాదించింది. 80 వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాక, మార్చిలో వెనక్కి తగ్గింది. ఆ కొద్ది వారాల్లో దుకాణాల అరలు ఖాళీ అయ్యాయి, ధర పెరిగింది. చట్టం మారలేదు, మారుతుందేమో అన్న మాట చాలింది.

సైన్యంతో సంబంధమే లేని .22 లాంగ్ రైఫిల్ తూటా సంగతి చూస్తే పై వాదనకు హద్దు ఎక్కడో తెలుస్తుంది. 1887 నుంచి ఉన్న ఈ చిన్న తూటా మామూలు ఫ్యాక్టరీ పోటీ వల్లనే చవకైంది, ఇప్పటికీ పేద గురి సాధకుడికి మొదటి ఎంపిక అదే. చౌకకు ప్రభుత్వమే కారణమన్న మాట దీనికి వర్తించదు. కానీ కొరతకు రాజకీయమే కారణమన్న మాట వర్తిస్తుంది. 2012 డిసెంబర్‌లో శాండీ హుక్ పాఠశాలలో పిల్లల హత్యాకాండ జరిగాక కొత్త నిషేధాలు వస్తాయన్న అంచనాతో జనం ఎగబడ్డారు. ఆ ప్రతిపాదనల్లో ఎక్కడా లేని .22 తూటా రెండు మూడేళ్ళపాటు అరల మీద కనిపించలేదు. చవకగా ఉన్నదాన్నే జనం ముందు దాచుకుంటారు, ఎందుకంటే దాచుకోవడానికి స్తోమత సరిపోయేది దానికే.

2020లో ఇదే ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. కోవిడ్, వీధి అల్లర్లు, ఎన్నికలు కలిసిన ఆ ఏడాది తుపాకుల కొనుగోలుకు సంబంధించిన జాతీయ తనిఖీలు దాదాపు 3.97 కోట్లకు చేరాయి. 2019లో ముప్పై సెంట్లకు అటూ ఇటూగా ఉన్న 5.56 తూటా 2021 తొలినాళ్ళలో డాలరు దగ్గరకు వెళ్ళింది. గిరాకీ అలా ఎక్కుతున్న 2020 జూలైలోనే తుపాకులు, తూటాలు చేసే రెమింగ్టన్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. సరుకు అమ్ముడుపోక కాదు, అంతకుముందు పేరుకున్న అప్పులతో కుంగి. దేశంలో ప్రైమర్లు పెద్దఎత్తున చేసే కంపెనీలు నాలుగే. అందులో ఒకటి సరిగ్గా ఆ సమయంలో కుంటుపడింది. గొట్టాలు, బుల్లెట్లు ఎన్ని ఉన్నా ప్రైమర్ లేకపోతే తూటా లేదు. ప్రైమర్ ఫ్యాక్టరీ పెట్టడం ప్రమాదకరమైన రసాయనాలతో కూడిన, ఏళ్ళు పట్టే పని. డిమాండు రెట్టింపైన నెలలోనే సరఫరా పెరగకపోవడానికి అసలు ఇరుకు అక్కడుంది.

ఈ ఎగుడుదిగుళ్ళు చూసినవారు సహజంగా ఒక మాట అంటారు: చవకగా ఉన్నప్పుడే భారీగా కొని పెట్టుకోవాలి, వేసవిలో ఏడాదికి సరిపడా చింతపండు, మిరపకాయలు కొని జాడీలకు ఎత్తినట్టు. సలహా సగం సరైనదే. పొడిగా, చల్లగా ఉంచిన తూటా దశాబ్దాలు చెడదు. రబ్బరు అంచున్న సైనిక రేకుపెట్టెలో పెట్టి ఇంట్లో చల్లని మూలన ఉంచితే చాలు. కారు డిక్కీ, అటక మాత్రం పనికిరావు, ఎందుకంటే మందులోని నైట్రోసెల్యులోజ్‌ను వేడి త్వరగా పాడుచేస్తుంది. తప్పు మిగతా సగంలో ఉంది. చింతపండు చవకయ్యే నెల అందరికీ తెలుసు, తూటా చవకయ్యే నెల ఎవరికీ ముందు తెలియదు. ఎక్కువమంది భారీగా కొనేది భయం పుట్టిన తర్వాత, అంటే ధర శిఖరాన ఉన్నప్పుడు. 2021లో డాలరు పెట్టి కొన్న తూటా మూడేళ్ళకు సగం ధరకే దుకాణంలో దొరికింది. అందువల్ల తన వాడకం తెలిసినవాడు, ఏడాదికి రెండు వేలు కాలుస్తాడనుకుంటే, రెండేళ్ళ నిల్వ చేతిలో ఉంచుకుని, వాడినంత మేరకే పెట్టెల లెక్కన తిరిగి నింపుకుంటే, ఏ భయానికీ తలవంచక్కర్లేదు. కొరత వచ్చినప్పుడు కొనకుండా ఉండగలగడమే నిల్వ ఇచ్చే అసలు లాభం.

ఉక్కు గొట్టపు తూటా రైఫిల్‌ను పాడు చేస్తుందన్న వాదన పాతది, అందులో నిజముంది, కానీ లెక్క తేల్చకుండా చెప్పే మాట. 2013లో లక్కీ గన్నర్ అనే తూటాల వ్యాపార సంస్థ నాలుగు ఒకేరకం ఏఆర్-15 రైఫిళ్ళకు ఒక్కో రకం తూటాలు పదివేల చొప్పున కేటాయించి పరీక్ష చేసింది. ఇత్తడి గొట్టం, రాగి తొడుగు ఉన్న తూటాలు కాల్చిన బ్యారెల్ చివరిదాకా నిలబడింది. ఉక్కు కలిసిన తొడుగులున్నవి కాల్చిన బ్యారెళ్ళు మధ్యలోనే అరిగిపోయాయి. అరుగుదలకు కారణం ఎక్కువగా బుల్లెట్ తొడుగు, గొట్టం కాదు. అయినా అప్పటి ధరల్లో ఉక్కు తూటాలతో మిగిలిన డబ్బుతో కొత్త బ్యారెల్ కొని ఇంకా తూటాలు కొనుక్కోవచ్చు. పరీక్ష చేసింది అమ్మకందారే అయినా, వాళ్ళు రెండు రకాలూ అమ్ముతారు కాబట్టి ఫలితాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. ఈనాడు మాత్రం ఆ లెక్క తిరగబడింది. రష్యా సరుకు ఆగాక ఉక్కుకూ ఇత్తడికీ ధర తేడా తగ్గింది, తేడా తగ్గితే అరుగుదలను భరించే కారణమూ తగ్గుతుంది. పైగా అనేక గురి మైదానాలు అయస్కాంతం అంటుకునే బుల్లెట్లను రానివ్వవు. అవి ఉక్కు గురిపలకలను దెబ్బతీస్తాయి, ఎండు గడ్డిలో నిప్పురవ్వలు లేపుతాయి. మైదానం వాళ్ళకు ఇంకో స్వార్థమూ ఉంది. నేల మీద పడిన ఇత్తడి గొట్టాలను ఊడ్చి అమ్ముకుంటారు, ఉక్కు కలిస్తే ఆ రాబడి పాడవుతుంది.

ఖాళీ గొట్టాల్లో మళ్ళీ మందు, బుల్లెట్ నింపి స్వయంగా తూటాలు చేసుకోవడమే అసలు పొదుపని చెప్పేవారు ఉన్నారు. ఖరీదైన రకాల విషయంలో, పోటీలకు వాడే .308, పాతకాలపు .303, .30-06 వంటివాటికి, వాళ్ళ మాట నిజం. ఐదారుసార్లు వాడుకోగల ఇత్తడి గొట్టమే అక్కడ పెట్టుబడిని తిరిగి తెస్తుంది. మామూలు 5.56 సాధన తూటా విషయంలో మాత్రం ఆదా కొన్ని సెంట్లకే పరిమితం, దానికి గంటల శ్రమ, యంత్రం, తూనిక, తప్పు జరిగితే రైఫిల్ పగిలే ప్రమాదం తోడవుతాయి. పైగా కొరత రోజుల్లో ఇంటి తయారీదారుకు తప్పించుకునే దారి లేదు. ప్రైమర్లు ఫ్యాక్టరీల దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే కంపెనీలు వాటిని ముందు తమ తూటాల్లోనే వాడుకుంటాయి.

ప్రకటనలో కనిపించే ధరకూ ఇంటికి చేరేసరికి పడే ధరకూ మధ్య కొంత దూరం ఉంటుంది. వెయ్యి 5.56 తూటాల బరువు సుమారు 12 కిలోలు, 7.62×39 అయితే 16 కిలోలకు పైనే. అమెరికా తపాలా శాఖ తూటాలను తీసుకోదు, ప్రైవేటు రవాణా సంస్థలే దారి. అందుకే వెయ్యి తూటాల పెట్టె మీద రవాణా ఖర్చు తూటాకు ఒకటి రెండు సెంట్లకు దిగుతుంది, రెండు వందలు కొంటే అదే ఖర్చు లాభమంతా మింగేస్తుంది. తయారీదారు కట్టే 11 శాతం ఎక్సైజు సుంకం ధరలోనే కలిసి వస్తుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం ఆ సొమ్ము రాష్ట్రాల వన్యప్రాణి సంరక్షణకు వెళ్తుంది. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి, న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ నుంచి తూటా కొనుగోలుకూ నేపథ్య తనిఖీ వచ్చింది. ఇక చవక అని తప్పు రకం కొనడం కంటే ఖరీదైనది లేదు. .223 అని మాత్రమే ముద్ర ఉన్న రైఫిల్‌లో 5.56 సైనిక తూటా కాల్చకూడదు, ఒత్తిడి హద్దు మీరవచ్చు. పూర్తి తొడుగున్న సైనిక తరహా బుల్లెట్‌తో లేడిని వేటాడటం చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ధర గురించి కాదు. 2012 జూలైలో కొలరాడోలోని అరోరా సినిమా హాలులో పన్నెండుమందిని చంపినవాడు ఆరువేలకు పైగా తూటాలు పార్సిళ్ళ ద్వారా తెప్పించుకున్నాడని పోలీసులు చెప్పారు. టోకు అమ్మకం అలాంటివాడికి సులువు కల్పించిందన్నది కాదనలేని నిజం. అయితే ఆరువేల తూటాలు పోటీలకు తయారయ్యే షూటర్‌కు కొన్ని నెలల వాడకం మాత్రమే. అంకె ఒక్కటే చూసి ఇద్దరినీ వేరు చేయలేం, అంతమంది ప్రాణాలు తీయడానికి వాడు కాల్చినవి ఆ నిల్వలో చిన్న భాగం. కొనేవాడెవరో తెలుసుకునే తనిఖీకి సమర్థన ఉంది. ఎంత కొంటున్నాడన్న పరిమితికి అంత బలమైన సమర్థన కనిపించదు. కాలిఫోర్నియా తరహా తనిఖీల మీద కోర్టుల్లో నడిచిన వివాదం ప్రధానంగా ఈ మొదటి ప్రశ్న, అంటే కొనేవాడెవరన్న తనిఖీ, చుట్టూనే తిరిగింది.

అమెరికాలోని తెలుగువారికి ఇందులో నేరుగా తగిలే విషయం ఒకటుంది. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీయే కాదు, తూటా దగ్గర ఉంచుకున్నా సమాఖ్య చట్టం ప్రకారం నేరమే. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ అడ్డు లేదు. మిత్రులతో సరదాగా వెళ్ళి మిగిలిన పెట్టెను కారులో మరిచిపోవడం వీసా మీద ఉన్నవారికి చిన్న విషయం కాదు. భారతదేశంలో ప్రశ్నే వేరు. 1959 ఆయుధాల చట్టం కింద ఇచ్చే లైసెన్సు మీదే ఒకసారి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో రాసి ఉంటుంది. క్రీడాకారులకు వేరుగా ఎక్కువ కోటా ఉంటుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ లాంటి షూటర్లు 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో వాడే .22 తూటాలను ప్రపంచ స్థాయి క్రీడాకారులు టోకుగానే కొంటారు, కానీ చవక కోసం కాదు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లోని ఎలీ వంటి ఫ్యాక్టరీల్లో తమ బ్యారెల్‌కు ఏ తయారీ విడత బాగా కుదురుతుందో పరీక్షించి, ఆ విడతలోనే వీలైనన్ని కొనేస్తారు. మరో విడత అదే ఫ్యాక్టరీదైనా అంతే గురి ఇవ్వకపోవచ్చు.

రష్యా సరుకు వదిలిన ఖాళీని సెర్బియా, బోస్నియా, చెక్, తుర్కియే, దక్షిణ కొరియా ఫ్యాక్టరీలు కొంతమేర పూడ్చాయి. 2022 నుంచి ఉక్రెయిన్ యుద్ధం వల్ల యూరప్ ఫ్యాక్టరీల మందు, నైట్రోసెల్యులోజ్ ముందు సైన్యాలకు వెళ్తున్నాయి, పౌర మార్కెట్ తన వంతు కోసం కాచుకుంటోంది. 2024 నవంబర్‌లో ఫెడరల్, సీసీఐ, స్పియర్, రెమింగ్టన్ తూటాల బ్రాండ్లను నడిపే అమెరికా సంస్థను చెకోస్లోవాక్ గ్రూప్ అనే చెక్ రక్షణ పరిశ్రమ కంపెనీ సుమారు 220 కోట్ల డాలర్లకు కొనేసింది. అమెరికాలోని నాలుగు పెద్ద ప్రైమర్ తయారీ పేర్లలో మూడు ఇప్పుడు యూరప్ సైన్యాలకు ఫిరంగి గుండ్లు చేసే యజమాని చేతిలో ఉన్నాయి.